కోడలి పనికి ఏ కోడ్? సర్కారు సర్వేల్లో ఆడవాళ్ళ లెక్క ఎక్కడ తప్పుతోంది

పొద్దున 11 గంటలకి సర్వే ఆయన ట్యాబ్ పట్టుకుని ఇంటి ముందుకొస్తాడు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఇంట్లో వాళ్ళ పేర్లు, వయసులు, చదువులు గడగడా చెప్పేస్తాడు, కొడుకు వ్యవసాయం, చిన్నోడు హైదరాబాద్‌లో డెలివరీ పని, కోడలి దగ్గరికి వచ్చేసరికి “ఆమెకేం పని సార్, ఇంట్లోనే ఉంటది” అంటాడు. ట్యాబ్‌లో 92 పడిపోద్ది. ఆ కోడలు తెల్లారకముందే లేచి రెండు బర్రెల పాలు పిండి కేంద్రంలో పోసొచ్చి, గడ్డి కోసుకొచ్చి, పిడకలు కొట్టి, ఇప్పుడు లోపల పొయ్యి దగ్గరుంది, ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ 92 అనేది మన కేంద్ర ప్రభుత్వ లేబర్ ఫోర్స్ సర్వేలో, అంటే పీఎల్ఎఫ్ఎస్‌లో, ఒక కోడ్. ఇంటి పనులు మాత్రమే చేసేవాళ్ళని అర్థం. దాని పక్కనే 93 ఉంది, ఇంటి పనులతో పాటు కట్టెలు, గడ్డి, ఆకుకూరలు ఏరుకొచ్చేవాళ్ళు, ఇంటి వాడకానికి కుట్టుపనీ నేతపనీ చేసేవాళ్ళు. ఈ రెండు కోడ్లలో ఏది పడినా ఆ మనిషి లేబర్ ఫోర్స్ బయట ఉన్నట్టే, అంటే పని చేసేవాళ్ళ, పని వెతుక్కునేవాళ్ళ లెక్కలో లేనట్టే. ఇంకా ముందుకెళ్తే 21 ఉంది, సొంత కుటుంబ వ్యవసాయంలోనో వ్యాపారంలోనో జీతం లేకుండా సాయం చేసేవాళ్ళు. ఇది పడితే మాత్రం ఆమె ‘వర్కర్’. ఏడాదిలో ఎక్కువ టైం ఇంటి పనికే పోయినా, కనీసం 30 రోజులు పాడి పనో పొలం పనో చేసి ఉంటే అనుబంధ పని కింద ఆమెని వర్కర్‌గా పట్టుకునే దారి కూడా సర్వే షెడ్యూల్‌లో, అంటే ప్రశ్నల కాయితంలో, ఉంది. కానీ ఆ దారిలోకి వెళ్ళాలంటే రెండో ప్రశ్న అడగాలి కదా, “పాలు ఎవరు పిండుతారు? డబ్బులు ఎవరి చేతికి వస్తాయి అన్నది వదిలెయ్యండి, పని ఎవరు చేస్తారు?” అని. పెద్దాయన ఇచ్చిన జవాబుతో తృప్తిపడి పక్కింటికి వెళ్ళిపోతే 92 అలాగే ఢిల్లీ దాకా పోతుంది, అక్కడ టేబుల్ అవుతుంది, ఆ టేబుల్ చూసి ఎవరో “మన ఆడవాళ్ళు పనికి రావట్లేదు” అని ఎడిటోరియల్ రాస్తారు.

ప్రభుత్వం డబ్బు పెట్టి చేయించే రీసెర్చ్‌లో జెండర్ ఈక్వాలిటీ కలపాలి అని ఎవరన్నా అంటే మన దగ్గర వెంటనే గుర్తొచ్చేది రిపోర్ట్ చివర్లో ‘మహిళలు’ అని ఒక చాప్టర్, లేదంటే ప్రతి టేబుల్‌లో మగ, ఆడ అని రెండు కాలమ్స్. కాలమ్స్ ఉండాలి, కాదనేదేం లేదు. కానీ తప్పుడు ప్రశ్నకి వచ్చిన జవాబుని రెండు కాలమ్స్‌లో వేస్తే రెండు కాలమ్స్ తప్పు వస్తుంది, అంతే. ఏం అడగాలి, ఎవర్ని అడగాలి, ఎవరు అడగాలి, పక్కన ఎవరుండగా అడగాలి అనేవి పని అప్పగించే కాయితంలోనే తేలిపోతాయి. ఫీల్డ్ అయిపోయాక జెండర్ ఎక్స్‌పర్ట్‌ని పిలిచి “మేడం కొంచెం జెండర్ యాంగిల్ యాడ్ చెయ్యండి” అంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, లేని డేటాని ఎక్కడి నించి తెస్తుంది.

నిజానికి ఈ విషయంలో మన దేశం వెనకబడి మొదలవ్వలేదు. 1971లో కేంద్ర ప్రభుత్వమే ఒక కమిటీ వేసింది, దేశంలో ఆడవాళ్ళ పరిస్థితి ఏంటో చూసి చెప్పమని. ఫూల్‌రేణు గుహ ఛైర్‌పర్సన్, తర్వాత వీణా మజుందార్ మెంబర్ సెక్రటరీగా వచ్చారు, 1974 చివరికి రిపోర్ట్ తయారైంది. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, ఓటు వచ్చింది, ఇంకేముంది అంతా మెరుగే అయ్యుంటుందని చాలామంది అనుకుంటున్న టైంలో ఆ రిపోర్ట్ సెన్సస్ లెక్కలే తీసి ముందు పెట్టింది: 1901లో ప్రతి 1000 మంది మగవాళ్ళకి 972 మంది ఆడవాళ్ళు, 1971కి వచ్చేసరికి 930. లెక్కలన్నీ సర్కారు బీరువాలోనే ఉన్నాయి, పదేళ్ళకోసారి అచ్చవుతూనే ఉన్నాయి, వాటిని వరసగా పేర్చి ఈ ప్రశ్న అడగమని ఎవరికీ పని అప్పగించలేదు, అంతే తేడా. ఆ తర్వాత ఆరో పంచవర్ష ప్రణాళికలో మొదటిసారి మహిళల మీద విడిగా ఒక చాప్టర్ వచ్చింది. 1988లో ఇలా భట్ నాయకత్వంలో అసంఘటిత రంగం ఆడవాళ్ళ మీద శ్రమశక్తి రిపోర్ట్ వచ్చింది. ఇవన్నీ సర్కారు అడిగి చేయించుకున్న పనులే.

1991 సెన్సస్‌లో ఒక చిన్న మార్పు జరిగింది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. పోయిన ఏడాది ఏదన్నా పని చేశారా అనే ప్రశ్న పక్కన బ్రాకెట్‌లో, పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ జీతం లేకుండా చేసిన పని కూడా కలిపి, అని చేర్చారు. అంతే, ఒక్క లైను. కానీ ఆ లైను అక్కడ లేకపోతే ఎన్యూమరేటర్‌కి అడగాలన్న ఆలోచనే రాదు, వచ్చినా “అది పని కిందకి వస్తదా సార్” అని సూపర్‌వైజర్‌ని అడిగితే ఆయన నోటికి ఏది వస్తే అదే రూల్.

టైం యూజ్ సర్వే కథ ఇంకా బాగుంటుంది. “మీరు పని చేస్తారా?” అని అడిగితే వచ్చే జవాబుకీ, “నిన్న పొద్దున 4 గంటల నించి ఏమేం చేశారు?” అని అడిగితే వచ్చే జవాబుకీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. మొదటి ప్రశ్నలో పని అంటే ఏంటో జవాబిచ్చేవాళ్ళే నిర్ణయించుకోవాలి, మన ఇళ్ళల్లో పని అంటే డబ్బులొచ్చేదే అని చిన్నప్పటి నించి వింటూ పెరిగిన ఆమె కూడా “నేనేం పని చేస్తా” అనే అంటుంది, ఇది పెద్దాయన ఒక్కడి తప్పు కాదు. రెండో ప్రశ్నలో ఆ నిర్ణయం ఆమె చెయ్యక్కర్లేదు, చేసినవి చెప్పుకుంటూ పోతే చాలు, ఏది దేని కిందకి వస్తుందో కోడ్ వేసేవాళ్ళు చూసుకుంటారు. మన దేశంలో మొదట 1998 జూలై నించి 1999 జూన్ దాకా ఆరు రాష్ట్రాల్లో ప్రయోగంగా చేశారు: హర్యానా, మధ్యప్రదేశ్, గుజరాత్, ఒరిస్సా, తమిళనాడు, మేఘాలయ. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. వారానికి సగటున జాతీయాదాయ లెక్కల్లోకి వచ్చే పనికి మగవాళ్ళు 42 గంటలు, ఆడవాళ్ళు 19 గంటలు పెడుతున్నారని తేలింది, వంట, ఇల్లు, పిల్లలు, ముసలివాళ్ళ సేవ లాంటి లెక్కలోకి రాని పని చూస్తే మగవాళ్ళు మూడున్నర గంటలు, ఆడవాళ్ళు దాదాపు 35 గంటలు. రెండూ కూడితే ఎవరు ఎక్కువ పని చేస్తున్నారో చెప్పడానికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఇంత బాగా వచ్చిన సర్వేని మళ్ళీ ఎప్పుడు చేశారు? 2019లో. ఇరవై ఏళ్ళు గ్యాప్! ఈసారి దేశమంతా, 1,38,799 ఇళ్ళు, ఆరేళ్ళు దాటిన అందరూ. ముందు రోజు పొద్దున 4 నించి ఇంటర్వ్యూ రోజు పొద్దున 4 దాకా 24 గంటల్ని అరగంట అరగంట ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏం చేశారో రాశారు, ఒకే అరగంటలో రెండు మూడు పనులుంటే అవి కూడా, మూడు దాకా. పప్పు పొయ్యి మీద పెట్టి, పిల్లాడికి ఎక్కాలు చెప్తూ, బట్టలు నానబెట్టే ఆవిడని ఒకే కోడ్‌లో కూర్చోబెడితే అరగంటలో రెండొంతులు మాయమైపోతాయి కాబట్టి ఈ మూడు అనే రూల్ చాలా ముఖ్యం. ఇంటి పని చేసినవాళ్ళలో రోజుకి సగటున ఆడవాళ్ళు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు అని వచ్చింది. ఈ 97 చూసి మగవాళ్ళు గంటన్నర చేస్తున్నారంట అని సంబరపడేవాళ్ళున్నారు, అది చేసినవాళ్ళ సగటు మాత్రమే, అసలు ఆ రోజు ఇంటి పని ముట్టుకున్న మగవాళ్ళు 26 శాతం, ఆడవాళ్ళు 81 శాతం. 2024లో మళ్ళీ చేశారు, 289, 88 అని వచ్చింది. అయిదేళ్ళలో ఆమెకి పది నిమిషాలు తగ్గింది, ఆయనకి తొమ్మిది తగ్గింది. గ్యాస్, నల్లా, మిక్సీ ఏదో కొంత సాయం చేసుండొచ్చు, ఆయన మాత్రం చెయ్యలేదని అంకెలే చెప్తున్నాయి.

ఇప్పుడు పీఎల్ఎఫ్ఎస్ దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే పాలసీ వాళ్ళు చూసేది దాన్నే. 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో లేబర్ ఫోర్స్‌లో ఉన్నవాళ్ళు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్ళలో ఇంత పెరుగుదల అంటే మామూలు విషయం కాదు, ప్రభుత్వం దీన్ని గెలుపు అంటుంది, విమర్శించేవాళ్ళు వీళ్ళలో మూడో వంతుకు పైగా జీతం లేని ఇంటి సహాయకులే, అదే మన కోడ్ 21, అని గుర్తుచేస్తారు. ఎవరిది రైట్? చాలావరకు ఇద్దరిదీ. కొంతమంది నిజంగానే కొత్తగా పొలంలోకీ పాడిలోకీ కుట్టు మిషన్ మీదకీ వచ్చారు, ఇల్లు గడవక వచ్చినవాళ్ళూ ఉంటారు. అదే టైంలో ముందు నించీ పని చేస్తూనే ఉండి 92లో పడ్డవాళ్ళని ఇప్పుడు సరిగ్గా అడిగి 21లో వేసి ఉండొచ్చు కూడా. పెరిగింది పనా, పెరిగింది అడగడమా అనేది ఈ ఒక్క సర్వేతో పూర్తిగా విడదీసి చెప్పలేం, అందుకే టైం యూజ్ సర్వేని పక్కనే పెట్టుకుని చదవాలి, దాన్ని ఇరవై ఏళ్ళకోసారి చేస్తే కుదరదు.

ఎవర్ని అడగాలి అనే దగ్గర మన తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయం మంచి ఉదాహరణ. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, మిర్చి కోత, వీటిల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. 2007 జాతీయ రైతు విధానం రైతు అంటే భూమి ఉన్నవాళ్ళొక్కరే కాదు, కౌలుదారులు, కూలీలు, ఆడ రైతులు అందరూ అని రాసుకుంది. కాయితం మీద బంగారం లాంటి నిర్వచనం. కానీ రైతుబంధు లాంటి స్కీమ్ పట్టాదారు పాస్‌బుక్కు మీద నడిచింది, అలాంటి స్కీమ్ ఎలా పనిచేసిందో స్టడీ చెయ్యమని ఎవరికన్నా అప్పగించి, శాంపిల్‌కి పాస్‌బుక్కుల లిస్టే చేతికిస్తే, పొలం చేస్తూ పట్టా లేని భార్య, భర్త పోయాక అత్తింటివాళ్ళు పేరు ఎక్కించని కోడలు, కౌలుకి చేసే జంట, వీళ్ళు ఆ లిస్ట్‌లో మొదటి రోజే లేరు. తర్వాత ప్రశ్నలు ఎంత బాగా రాసినా, ఎంత సున్నితంగా అడిగినా లేనివాళ్ళని అడగలేం. జెండర్ ఇక్కడ దెబ్బతినింది శాంపిల్ లిస్ట్‌లో, ప్రశ్నల దాకా రానేలేదు.

పక్కన ఎవరున్నారు అనేదానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్ఎఫ్‌హెచ్ఎస్, చాలా జాగ్రత్తగా పెట్టుకున్న ఒక రూల్ ఉంది. గృహహింస ప్రశ్నలు ఒక ఇంట్లో ఒక్క ఆమెనే అడుగుతారు, ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం అసలు అడగరు, వదిలేస్తారు. డేటా పోతే పోయింది, ఆ రాత్రి ఆమెకి దెబ్బలు పడకూడదు, అంతే లాజిక్. భర్త భార్యని కొట్టడానికి ఏదో ఒక కారణం సబబే అని ఒప్పుకున్న ఆడవాళ్ళు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం అని 2019-21 సర్వేలో వచ్చినప్పుడు సోషల్ మీడియాలో మనవాళ్ళు నానా గోల చేశారు, కొందరైతే చూశారా ఆడవాళ్ళే ఒప్పుకుంటున్నారు అని మీమ్స్ కూడా వేశారు. ఆ ప్రశ్నలో ఏడు కారణాలు చదివి వినిపిస్తారు, చెప్పకుండా బయటికెళ్ళడం, వంట సరిగ్గా చెయ్యకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటివి, ఏడింటిలో ఏ ఒక్కదానికి ఊ కొట్టినా లెక్కలోకి వస్తుంది. ఆ అంకె చిన్నదని చెప్పట్లేదు, భయంకరమే. కానీ అది ఎలా వచ్చిందో తెలియకుండా దాంతో ఎవర్నన్నా తిట్టడం మాత్రం ఈజీ.

మగవాళ్ళని అడగకపోవడం కూడా జెండర్ సమస్యే, ఇది చాలామందికి తట్టదు. అదే ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5లో 7 లక్షలకు పైగా ఆడవాళ్ళని ఇంటర్వ్యూ చేస్తే మగవాళ్ళని దాదాపు లక్ష మందినే చేశారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నది దేశంలో పెళ్ళైన జంటల్లో ఆడవాళ్ళు 37.9 శాతం, మగవాళ్ళు 0.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఆడవాళ్ళ ఆపరేషన్లు 70 శాతం దగ్గర. వేసెక్టమీ చిన్న ఆపరేషన్, కోత కూడా పెద్దగా ఉండదు, మరి మగవాళ్ళు ఎందుకు రారు? ఆడవాళ్ళనే అడుగుతూ పోతే దీనికి జవాబు ఎక్కడ దొరుకుద్ది?

మందుల రీసెర్చ్‌లో ఇదే కథ ఇంకో రూపంలో. అమెరికాలో 1977 నించి, పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళని తొలి దశ ట్రయల్స్‌లో పెట్టొద్దని, మందులకి అనుమతిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ గైడ్‌లైన్ ఉండేది, కడుపులో బిడ్డకి ఏమన్నా అవుద్దేమో అని మంచి ఉద్దేశంతోనే. 1993లో చట్టం చేసి, సర్కారు డబ్బుతో జరిగే క్లినికల్ రీసెర్చ్‌లో ఆడవాళ్ళని చేర్చాల్సిందే అన్నారు. 2016 నించి ఎలకల మీద చేసే స్టడీలో కూడా ఆడ మగ తేడా చూడాలని అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ రూల్ పెట్టింది. ఎందుకంటే జోల్పిడెమ్ అనే నిద్రమాత సంగతి చూడండి, అది ఆడవాళ్ళ ఒంట్లోంచి మెల్లగా పోతుంది, పొద్దున లేచి కారు నడిపే టైంకి కూడా మత్తు మిగిలే ఉంటుంది. 1992లో అనుమతి వచ్చిన మందుకి ఆడవాళ్ళ డోస్ 10 మిల్లీగ్రాముల నించి 5కి తగ్గించింది 2013లో. ఇరవై ఏళ్ళు మగవాళ్ళ డోసే మింగారు.

అలాగని ఆడవాళ్ళని చేర్చేస్తే ఈక్వాలిటీ వచ్చేసినట్టు కూడా కాదు, దానికి మన ఖమ్మమే సాక్ష్యం. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐసీఎంఆర్ సహకారంతో పాథ్ అనే సంస్థ హెచ్‌పీవీ టీకా ప్రాజెక్ట్ నడిపింది, ఖమ్మం జిల్లాలో 10 నించి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మంది. చాలామంది గిరిజన హాస్టల్ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, ఆ చావులకి టీకాతో సంబంధం లేనట్టే ఉందని ఎంక్వైరీలో తేలింది, ఆ టీకా గర్భాశయ ముఖ క్యాన్సర్‌ని ఆపుతుందనేదాంట్లో కూడా గొడవేం లేదు. గొడవంతా సంతకాల దగ్గర. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వేలల్లో హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆడపిల్లల మేలు కోసం, ఆడవాళ్ళ జబ్బు మీద, నూటికి నూరు శాతం ఆడవాళ్ళతో జరిగిన పని ఇది, ఏ జెండర్ చెక్‌లిస్ట్‌లో పెట్టినా ఫుల్ మార్కులు పడతాయి, అడగాల్సిన ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు.

యూరప్ వాళ్ళు దీన్ని డబ్బుతో ముడిపెట్టారు. హొరైజన్ యూరప్ అని 2021-27కి 95.5 బిలియన్ యూరోలతో మొదలైన రీసెర్చ్ ఫండ్ ఉంది, 2022 నించి యూనివర్సిటీ గానీ ప్రభుత్వ సంస్థ గానీ అందులో డబ్బు తీసుకోవాలంటే ముందు తమ దగ్గర జెండర్ ఈక్వాలిటీ ప్లాన్ ఉండాలి, పైవాళ్ళు సంతకం పెట్టి వెబ్‌సైట్‌లో పెట్టింది, దానికి మనుషులూ డబ్బూ కేటాయించింది, ఏటా లెక్కలు తీసేది. దాంతో పాటు రీసెర్చ్ విషయంలోనే జెండర్ కోణం ఎలా చూస్తారో ప్రపోజల్‌లో రాయాలి, దానికి మార్కులున్నాయి. రెండు ప్రపోజల్స్‌కి సమానంగా మార్కులొస్తే టీమ్‌లో ఆడ మగ బ్యాలెన్స్ కూడా చూస్తారు. దీంట్లో ఉన్న చిక్కు మనకి బాగా అలవాటైనదే, ఒకరు రాసిన పేరా ఇంకొకరు కాపీ కొట్టి అతికించొచ్చు, ప్లాన్ పీడీఎఫ్‌గానే మిగిలిపోవచ్చు. అయినా డబ్బు ఆగుద్దన్న భయం ఉంటే కనీసం కాపీ కొట్టడానికైనా ఒకసారి చదువుతారు. మన దగ్గర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2020లో గతి అని ఒక ప్రోగ్రాం మొదలెట్టింది, బ్రిటన్‌లోని ఎథీనా స్వాన్ నమూనాలో, సంస్థలు తమ లోపలి పరిస్థితి తామే చూసుకుని మార్చుకోవాలని. అది ల్యాబుల్లో ఎంతమంది ఆడ సైంటిస్టులున్నారు, ప్రమోషన్లు ఎలా ఉన్నాయి అనే వైపు. ల్యాబులో ఏ ప్రశ్న అడుగుతున్నారు అనేది వేరే సంగతి.

ట్రాన్స్‌జెండర్ల దగ్గర ఇది ఇంకా తేటగా కనపడుతుంది. 2011 సెన్సస్‌లో ‘ఇతరులు’ కింద 4.88 లక్షల మంది వచ్చారు, పీఎల్ఎఫ్ఎస్‌లో ఆడ 2, మగ 1 తర్వాత 3 అనే కోడ్ కూడా ఉంది. కోడ్ పెట్టడం సులువు, ఖర్చు లేదు. కానీ మామూలు ఇళ్ళ శాంపిల్‌లో వాళ్ళు దొరికేదే బహు కొద్దిమంది, చాలామంది పుట్టిన ఇల్లు వదిలి గురువు దగ్గర నలుగురైదుగురు కలిసి ఉంటారు, పుట్టింట్లో అడిగితే అక్కడ ఆ పేరే చెప్పరు. కాబట్టి విడిగా ఒక టేబుల్ వెయ్యడానికి సరిపడా లెక్క రాదు. రావాలంటే విడిగా శాంపిల్ తియ్యాలి, దానికి విడిగా డబ్బు పెట్టాలి.

డబ్బు అన్నాం కాబట్టి టెండర్ దగ్గర ఆగుదాం. స్కీమ్ మీద స్టడీ బయట ఏజెన్సీకి ఇచ్చేటప్పుడు ‘జెండర్ అంశాలు పరిశీలించవలెను’ అని ఒక లైను పెడితే అది ఎవరినీ కట్టిపడెయ్యదు. అదే కాయితంలో, ప్రతి ఇంట్లో ఒక ఆడమనిషితో, ఒక మగమనిషితో విడివిడిగా మాట్లాడాలి, ఫీల్డ్ టీమ్‌లో సగం మంది ఆడ ఎన్యూమరేటర్లుండాలి, పొలం నించి వచ్చాక సాయంత్రం రెండోసారి ఇంటికెళ్ళడానికి రోజులు లెక్కలో వెయ్యాలి, ఆడ టీమ్‌కి చీకటి పడ్డాక బండి ఉండాలి, ఆడ మగ లెక్కని కులం, వయసు, భూమితో కలిపి ముడి డేటాగా ఇవ్వాలి, ఇంకొకరి తరఫున చెప్పిన జవాబైతే ఆ సంగతి ప్రతి రికార్డ్‌లో గుర్తు పెట్టాలి అని రాస్తే రేటు పెరుగుతుంది, గడువు కూడా పెరుగుతుంది. అలా రాయకపోతే ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్ళకే పని పోతుంది, తక్కువ కోట్ చేసిన ఏజెన్సీ ఫీల్డ్‌కి దిగాక మొట్టమొదట కోసేది సాయంత్రం బండి, ఆ తర్వాత రెండోసారి వెళ్ళడం. ట్యాబ్ మళ్ళీ పొద్దున 11కే ఊళ్ళోకి వస్తుంది, అరుగు మీద ఎవరుంటే వాళ్ళనే అడుగుతుంది.